అక్షరం మారలేదు, అర్థం మారింది

మనలో చాలామందికి జపాన్ అంటే యానిమే, బుల్లెట్ ట్రైన్. ఈసారి ఆ దేశ రాజ్యాంగంలో ఒక చిన్న అధికరణం గురించి మాట్లాడుకుందాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, అమెరికా అదుపులో ఉన్నప్పుడు తయారైన రాజ్యాంగం 1947 మే 3న అమల్లోకి వచ్చింది. యుద్ధాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నామనీ, సైనిక బలగాలు ఉంచుకోబోమనీ దాని 9వ అధికరణం చెబుతుంది.

మరి జపాన్‌కి సైన్యం లేదా? ఉంది, పేరే వేరు. 1950లో కొరియా యుద్ధం మొదలవగానే అమెరికా మనసు మార్చుకుంది. 1954లో ‘ఆత్మరక్షణ దళాలు’ ఏర్పడ్డాయి. తనను తాను కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంటుంది కదా అన్నది ప్రభుత్వ వాదన. 248 మీటర్ల ‘ఇజుమో’ నౌకను ఎఫ్-35బి విమానాలు దిగేలా మార్చడానికి పూనుకున్నారు. అయినా మొదట్నుంచీ దాని అధికారిక హోదా విమానవాహక నౌక కాదు, ఎస్కార్ట్ నౌక!

1960 ఒప్పందం ప్రకారం జపాన్ మీద దాడి జరిగితే అమెరికా అండగా నిలవాలి. బదులుగా జపాన్ స్థావరాలకు చోటివ్వాలి. ఆ బరువు ఎక్కువగా మోస్తున్నది ఒకినావా. దేశ విస్తీర్ణంలో అది సుమారు 0.6 శాతమే, కానీ అమెరికా సైన్యం మాత్రమే వాడుకునే స్థలంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది.

ఆ ఒప్పందం వద్దని 1960లో విద్యార్థులు పార్లమెంటును ముట్టడించారు. ఒప్పందం ఆగలేదు గానీ, ప్రధాని కిషి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన మనవడే షింజో అబే. మిత్రదేశం మీద దాడి వల్ల జపాన్ ఉనికికే ముప్పు వస్తే బలం వాడవచ్చని 2014లో అబే మంత్రివర్గం 9వ అధికరణానికి కొత్త అర్థం చెప్పింది. 2015లో అది చట్టమైంది. అప్పుడూ విద్యార్థులు రోడ్డెక్కారు. 2022 డిసెంబరులో రక్షణ ఖర్చును 2027 నాటికి జీడీపీలో 2 శాతానికి పెంచాలని నిర్ణయించారు.

భయం అబద్ధమేం కాదు. ఉత్తర కొరియా క్షిపణులు జపాన్ మీదుగా ఎగిరాయి, సెంకాకు దీవుల దగ్గర చైనా నౌకలు తిరుగుతున్నాయి. 2024లో విశాఖ వేదికగా జరిగిన మలబార్ విన్యాసాలకు జపాన్ కూడా వచ్చింది, కాబట్టి ఇది మనకు సంబంధం లేని కథా కాదు.

రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణలో మెజారిటీ కావాలి. ఆ పని ఇంతవరకు ఒక్కసారీ జరగలేదు. మన భాషలో చెప్పాలంటే కోడ్‌లో ఒక్క లైన్ మారలేదు, ఔట్‌పుట్ మారిపోయింది.

అవసరం నిజమే అయినప్పుడు జనాన్ని అడిగి మార్చాలా, అడగకుండా అర్థం సాగదీయాలా? ఈ ప్రశ్న జపాన్ ఒక్కదానిదేనా? మీరేమంటారు?