మలపరీక్ష ఏం చెబుతుంది?

మామిడిపండ్ల కాలంలో భేదులు పట్టుకుంటే “పండు వేడి చేసింది” అంటారు మా బనగానపల్లెలో. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే సరే. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే? మనిషి చిక్కిపోతూ ఉంటే? అప్పుడు పండును నిందించడం మాని కారణం వెతకాలి. అందుకు మొదటి మెట్టు మలపరీక్ష.

1681లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ తనకు విరేచనాలైనప్పుడు మలాన్ని తన సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో కదలాడే జీవులు కనిపించాయి. అవి నేడు మనం జియార్డియా అంటున్న ఏకకణ జీవులని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇవి కలుషితమైన నీటితో కడుపులో చేరి చిన్నప్రేగు గోడను అంటిపెట్టుకుంటాయి.

ప్రయోగశాలలో ఇంకా ఏమేమి చూస్తారు? ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనిపిస్తే అది అమీబా వల్ల వచ్చిన జిగట విరేచనం. పసిపిల్లల మలం నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చి, బెనెడిక్ట్ ద్రావణం రంగును కూడా మారిస్తే, పాలలోని లాక్టోజు అనే చక్కెర అరగడం లేదని అనుమానించాలి. సూడాన్ అనే రంగు కలిపినప్పుడు నారింజ రంగు బొట్లు ఎక్కువగా తేలితే, తిన్న కొవ్వు ఒంటబట్టడం లేదన్నమాట. సంగ్రహణిలో జరిగేది ఇదే.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు సంగ్రహణితోనే మరణించారు. ఆయన కూడా దాని బారిన పడి కోలుకున్నారు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సంగ్రహణి చికిత్సలో దాన్ని నేటికీ వాడుతున్నారు. కాని అదే మందు జియార్డియాను చంపలేదు. విరేచనాలు చూడడానికి ఒకటే. కారణాలు వేరు, మందులు వేరు. అంగడి మాత్రలు మింగుతూ కాలం గడిపితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

పరీక్షకు మలాన్ని శుభ్రమైన పొడి డబ్బాలో పట్టాలి. నీరు, మూత్రం కలవకూడదు. వెంటనే అందజేయాలి, ఆలస్యమైతే అమీబా కదలిక ఆగిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. సూక్ష్మజీవులను చంపే మందులు వాడకముందే ఇవ్వడం మంచిది. ఒకసారి ఏమీ కనిపించకపోతే రోగం లేదనుకోకండి. జియార్డియా రోజూ బయటపడదు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు పరీక్షిస్తారు. అప్పటికీ తేలకపోతే రక్తపరీక్షలు, ప్రేగుల పరీక్ష అవసరం కావచ్చు.

ఈలోగా ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్ఎస్ తాగించాలి. అది ప్రాణాన్ని నిలబెడుతుంది. రోగకారణాన్ని పట్టి ఇచ్చేది మాత్రం పరీక్షే. డాక్టరుగారు అడిగితే సిగ్గుపడకండి.