చివరి మాట మింగొద్దు బిడ్డా

ఇబ్రహీంపట్నం

బిడ్డా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ గొంతు బాగాలేదని ఎవరో అన్నారట. ఇక నుంచి పాడ్‌కాస్ట్‌లో నీ వ్యాసాలను కంప్యూటర్ గొంతుతో చదివిస్తానన్నావట. వద్దు. నువ్వు "అట్లనా" అన్నప్పుడల్లా నాకు మీ నాయనమ్మ వినబడుతుంది. ఆ గొంతు ఏ మిషన్‌లో ఉంది?

పెద్ద చెరువు మీద నువ్వు చేసిన భాగం మూడుసార్లు విన్నాను. తప్పు గొంతుది కాదు. పత్రికకు రాసిన వ్యాసాన్ని అక్షరం మార్చకుండా చదివేశావు. "1550 నుండి 1580 వరకు గోల్కొండ రాజ్యాన్ని పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో నిర్మించబడినట్లుగా చెప్పబడుతున్న ఈ చెరువు" అని ఎత్తుకున్నావు. క్రియ దగ్గరికి వచ్చేసరికి నీకు ఊపిరి అయిపోయింది, నేను మొదలు మరిచిపోయాను. కంటికైతే వెనక్కి వెళ్లి చూసుకునే వీలుంది, చెవికి లేదు. ఇట్లా చెప్పి చూడు: "మన చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. ఆయన గోల్కొండను ముప్పై ఏండ్లు ఏలిండు. మన ఊరి పేరు కూడా ఆయనదే." సంవత్సరాలు కావాలన్నవాళ్లు నీ వ్యాసంలో చూసుకుంటారు. "పైన పేర్కొన్నట్లు" కొట్టెయ్, వినేవాళ్లకు పైనా కిందా ఉండవు. ఒక్క వ్యాసంలో నాలుగు సంగతులుంటే నాలుగు భాగాలు చెయ్యి. తూముల కథ ఒకరోజు, మత్తడి కథ ఒకరోజు.

ఇవన్నీ దిద్దుకోగలవు. నా బెంగ వేరే. నువ్వు వాక్యం చివర మింగుతున్నావు. మన భాషలో ప్రాణమంతా అక్కడే ఉంటుంది. ఉంది, లేదు, వచ్చింది, రాలేదు, అన్నీ ఆఖరికే తేలుతాయి. ఇన్నేండ్ల తర్వాత 2022లో చెరువు నిండి మత్తడి దుంకింది అని చెప్తూ ఆ "దుంకింది"ని లోపలికి లాక్కున్నావు. ఊరు ఊరంతా కట్ట మీదికి పరుగెత్తిన మాట అది!

నాకు పందొమ్మిదేండ్లప్పుడు, బస్టాండు పక్క హోటల్లో పొద్దున్నే పేపరు పెద్దగా చదివేవాణ్ణి. చదువురాని రైతులు చుట్టూ కూర్చునేవారు. ఒక యాసంగిలో "తూము తెరిచి నీళ్లు వదిలే అవకాశం లేదు" అని వార్త పడింది. అప్పుడే బస్సు వచ్చింది, కాలేజీకి పోవాలి. "అవకాశం" దాకా గట్టిగా చదివి, "లేదు" నోట్లోనే పెట్టుకుని లేచాను. వెనక బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన నీళ్లు వస్తాయనుకున్నాడు. ఇంటికి పోయి విత్తనపు వడ్లు నానబోసి మండె కట్టాడు. నాలుగో రోజు ఆ గోనెసంచి తెచ్చి మన అరుగు మీద విప్పాడు. తెల్లటి మొలకలు సంచి నేతలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. "సదివింది నువ్వే గదా బిడ్డా" అన్నాడు, అంతే. మీ తాత ఆయనకు విత్తనాలు కొలిచి ఇచ్చాడు. ఆ మొలకలు నాకింకా కళ్లలో ఉన్నాయి. బడిలో ముప్పై ఏండ్లు పిల్లలతో వాక్యం చివర రెండుసార్లు పలికించింది అందుకే.

గొంతు గురించి బాధపడకు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. పొలాల్లో పని చేసుకునే ఆడవాళ్లు తమ యాసలోనే విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడారు. చదవలేదు, మాట్లాడారు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు రామాయణం చెప్తుంటే వినేవాళ్లకు కాగితం గుర్తొచ్చేదా? నువ్వూ ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పు. ఎవరూ లేకపోతే నన్ను తలుచుకో.

మైకు జానెడు దూరంలో, మూతికి కొంచెం పక్కగా పెట్టుకో. ప, బ, భ పలికినప్పుడు గాలి నేరుగా కొట్టదు. ఫ్యాను ఆపు. బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు కూర్చుంటే గది మోత తగ్గుతుంది. రాసిన కాగితం మీద ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో గీత పెట్టుకో, ప్రతి వాక్యం చివరి మాట కింద ఇంకో గీత. ఫ్రిజ్ నీళ్లు తాగకు, చిన్నప్పటి నుంచీ నీకు పడవు. అన్నం వేళకు తింటున్నావా? నిన్నటి ఫోన్‌లో గొంతు నీరసంగా ఉంది, అది చదవడంలో లోపం కాదు, ఆకలి.

రికార్డు చేశాక నీ మాటలు నువ్వే విని, నోట సహజంగా వచ్చిన వాక్యాలను కాగితం మీద పెట్టు. తర్వాతి వ్యాసానికి అవే పనికొస్తాయి.

ఈ ఆదివారం రా. సాగర్ రోడ్డు బస్సు ఎక్కితే గంటన్నర. ఆ ముసలాయన కొడుకు చెరువు కిందే ఉన్నాడు, మత్తడి దుంకిన రోజు సంగతి చెప్తానన్నాడు. వచ్చేటప్పుడు చెరువు వ్యాసం ప్రింటు తీసుకురా. పెన్సిలు నా దగ్గర ఉంది.

మీ పెద్దనాయన