నిమిషం నిండా లెక్కపెట్టు, రూతమ్మా

కాకినాడ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన రూతమ్మకు అత్తయ్య దీవించి రాయునది. మావయ్యకు మోకాలి నొప్పి అలాగే ఉంది, అయినా ఇవాళ చర్చికి నడిచే వచ్చారు.

నీ ఉత్తరం బుధవారం అందింది. అంతకు ముందురోజు రాత్రే మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు నర్సింగ్ కోర్సు మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరతానంటున్నావట. మానేయడం సంగతి సంక్రాంతికి నువ్వు వచ్చాక పెరట్లో కూర్చుని మాట్లాడుకుందాం, నిన్ను ఎవరూ కేకలెయ్యరు. కానీ నీ ఉత్తరంలో ఒక మాట నన్ను నాలుగు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. "కణంలోకి సోడియం ఎలా వెళ్తుందో, పొటాషియం ఎలా వస్తుందో నర్సుకెందుకు అత్తయ్యా? డాక్టరు రాసిన ఇంజెక్షను వేళకు వేస్తే చాలదా?" అని రాశావు.

చాలదు తల్లీ.

నీకు ఏడేళ్ళప్పుడు పెరట్లో తుమ్మముల్లు గుచ్చుకున్న రోజు గుర్తుందా? సాయంత్రానికి అరికాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, ముట్టుకుంటే కెవ్వుమన్నావు. నువ్విప్పుడు బట్టీ పడుతున్న ఇన్‌ఫ్లమేషన్ అంటే అదే. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని ఆ నాలుగింటినీ రెండు వేల ఏళ్ళ కిందటే రోమ్‌లో సెల్సస్ అనే ఆయన రాసిపెట్టాడు. ముల్లు తగిలిన చోట కణాలు హిస్టమిన్ వదిలాయి, సన్నటి రక్తనాళాలు వెడల్పయ్యాయి, అందుకే ఎరుపూ వేడీ. నాళాల గోడల్లో సందులు తెరుచుకుని నీరు బయటికి ఊరింది, అందుకే వాపు. ఆ సందుల్లోంచే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బిలబిలమంటూ వచ్చి సూక్ష్మజీవుల్ని మింగి, తామూ చచ్చాయి. మూడోనాడు మీ నాయనమ్మ పిండి తీసిన చీములో ఉన్నవి చాలావరకు వాటి శవాలే.

నాలుగోనాడు నీకు గజ్జలో బిళ్ళ కట్టింది. ముల్లు కాలికి గుచ్చుకుంటే బిళ్ళ గజ్జలో ఎందుకు కట్టిందని అడిగావు నన్ను. అప్పుడు నువ్వు చిన్నపిల్లవని ఏదో చెప్పి తప్పించుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను. కాలి దగ్గర దొరికిన శత్రువు ముక్కను పట్టుకుని కొన్ని కణాలు లింఫు నాళాల వెంట గజ్జలోని గ్రంథికి చేరాయి. అక్కడ లక్షలకొద్దీ లింఫోసైట్లు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. ఆ ముక్కకు సరిపోయినవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరగడం మొదలుపెట్టాయి. గ్రంథి ఉబ్బింది. మన ఊళ్ళో దాన్నే బిళ్ళ కట్టడం అంటారు. ఇమ్యూనిటీ పాఠం ఎంత పెద్దదైనా నీ గజ్జల్లో బిళ్ళ దగ్గర మొదలుపెట్టి చదువు, నోరు తిరుగుతుంది.

ఇక సోడియం సంగతి. కోటిపల్లి రేవులో పాత కర్రపడవలు ఉండేవి. ఎంత తారు పూసినా అడుగునుంచి నీళ్ళు ఊరుతూనే ఉండేవి. ఒక కుర్రాడు డబ్బాతో ఆపకుండా తోడి పోసేవాడు. వాడి చెయ్యి ఆగితే పడవ బరువెక్కేది. కణమూ అంతే. సోడియం బయటినుంచి ఊరుతూనే ఉంటుంది. కణం పొరలో ఉన్న పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఒక్కోటి ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెచ్చుకుంటుంది. ఆక్సిజన్ అందకపోతే ఏటీపీ తయారీ పడిపోతుంది. ఒక గ్లూకోజ్ నుంచి ముప్పైదాకా రావలసిన ఏటీపీ రెండుకు దిగుతుంది. కుర్రాడి చెయ్యి ఆగింది. సోడియం లోపలే ఉండిపోతుంది, దాని వెంట నీరు, కణం ఉబ్బుతుంది. ఈ దశలో ఆక్సిజన్ అందిస్తే కణం కోలుకుంటుంది. దాటిపోతే పొర పగిలి లోపలివి రక్తంలోకి కారతాయి. గుండెపోటు వచ్చినవాళ్ళకు ట్రోపోనిన్ పరీక్ష చేస్తారే, చచ్చిన గుండెకణాల్లోంచి కారినదాన్ని వెతకడమే అది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని మీ ట్యూటర్ గొంతు చించుకునేదీ ఇందుకే. తుంటి ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మంలో కూడా ఆ కుర్రాడి చెయ్యే ఆగిపోతుంది.

ఏటీపీ అనగానే ఏదో తెల్లవాళ్ళ సరుకు అనుకుంటావేమో. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ వెలికితీశారు. మీ తాతయ్య కాలు నీకు ఫోటోలో మాత్రమే తెలుసు. ఆ బోదకాలుకు మూలమైన ఫైలేరియా పురుగుల మీద వాడే హెట్రజాన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలలోంచే వచ్చింది. అక్కడే ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. 1948లో, యాభై మూడేళ్ళకే, పరాయి దేశంలో పోయారు. మా నాన్న కాలు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తేదాన్ని. లింఫు కదలని కాలికి ఒక్క చిన్న పగులు చాలు, బాక్టీరియా దూరి చలిజ్వరం తెప్పించడానికి. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. అమ్మ చెయ్యమంది, చేశాను. తెలిశాక చేసినప్పుడు నా చేతుల్లో తేడా వచ్చింది, నాన్నే అన్నాడు ఆ మాట.

ఫోలిక్ అంటే జ్ఞాపకం వచ్చింది. నీ హిమోగ్లోబిన్ 9 ఉందని మీ అమ్మ చెప్పింది. మాత్రలు వేసుకుంటున్నావా, ట్రంకుపెట్టెలో దాస్తున్నావా? టీతో మింగకు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రాసి, అది పరీక్షల భయం అనుకున్నావు. భయం కాదమ్మా, ఆక్సిజన్ మోసే బండ్లు తక్కువై గుండె ఎక్కువ ట్రిప్పులు వేస్తోంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. ఇది మీ నాన్నకు తెలీదు, మావయ్యకు కూడా సగమే తెలుసు.

1978. నేను రెండో సంవత్సరం ప్రొబేషనర్‌ని. ఏ ఆసుపత్రో అనవసరం. బాలింతల వార్డులో నైట్ డ్యూటీ, నేనూ ఒక స్టాఫ్ సిస్టరూ. తెల్లవారుజామున నాలుగింటికి టీపీఆర్ తీయాలి. థర్మామీటర్ పెడతాం, నాడి పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తాం. శ్వాస మాత్రం ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఎర్ర సిరాతో చార్టు పొడవునా 20, 20, 20 అని దింపుకుంటూ పోయేవాళ్ళం. నాకు ముందు బ్యాచ్ వాళ్ళు అలాగే నేర్పారు.

కిటికీ పక్క మంచంలో మూడో రోజు బాలింత, పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. చేతికి ఆకుపచ్చ గాజులు. వాళ్ళమ్మ విసనకర్రతో విసురుతూ, "పిల్ల ఒకటే రొప్పుతోందమ్మా" అంది. నేను థర్మామీటర్ చూశాను. 98 ఉంది. "జ్వరం లేదమ్మా, ఉక్కపోతకి" అన్నాను. నాడి కాస్త వడిగా ఉంది, బిడ్డకు పాలివ్వడానికి లేచింది కదా అనుకున్నాను. ఆ గాజులు గుండెల మీద ఎంత వేగంగా కదులుతున్నాయో నా కళ్ళ ముందే ఉంది. 20 అని రాశాను.

ఎనిమిదింటికి రౌండ్స్‌లో బీపీ అందలేదు. గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకింది. మరుసటి రోజు మధ్యాహ్నం పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. చార్టులో అందరికీ 20 ఉంది, ఆమెకూ 20 ఉంది.

జ్వరం లేకపోయినా సెప్సిస్ ఉండొచ్చని అప్పుడు నాకు తెలీదు. అక్కడ జరిగింది నీ ముల్లు దగ్గర జరిగినదే, కాకపోతే ఒళ్ళంతా. నాళాలన్నీ వెడల్పయి, అన్నిచోట్లా నీరు ఊరిపోయి, కణాలకు ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆసిడ్ పేరుకుంది. రక్తం పులిసింది. మెడలోనూ, మెదడు అడుగునా ఉండే కాపలావాళ్ళు అది పసిగట్టి ఊపిరితిత్తుల్ని తొందరపెట్టారు. బొగ్గుపులుసు వాయువును బయటికి పంపితే పులుపు తగ్గుతుంది కనుక మనిషి రొప్పుతుంది. వయసులో ఉన్నవాళ్ళ గుండె గట్టిది, బీపీని చాలాసేపు నిలబెడుతుంది. బీపీ పడేసరికి గంటలు గడిచిపోతాయి. శ్వాస మాత్రం ముందే చెబుతుంది. ఆ రాత్రి చెప్పింది. వాళ్ళమ్మ కూడా చెప్పింది.

అందుకే రూతమ్మా, నీకు చేతులెత్తి చెబుతున్నాను, శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టు. పావు నిమిషం కాదు, అర నిమిషం కాదు. లెక్కపెడుతున్నానని రోగికి చెప్పకు, చెబితే ఊపిరి మారిపోతుంది. నాడి చూశాక వేళ్ళు మణికట్టు మీదే ఉంచి, కళ్ళు గుండె మీదికి తిప్పు. పెద్దవాళ్ళకు 12 నుంచి 20. పాతిక దాటితే పుస్తకం మూసి డాక్టర్ని పిలువు, తిడితే పడు. రెండు నెలల్లోపు పసికందుకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40, అంతకు చేరితే న్యుమోనియా అనుమానం. డొక్కలు ఎగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా చూడు. వేలికి పెట్టే మిషన్ 98 చూపించిందని ఊరుకోకు. రొప్పి రొప్పి ఆ 98ని నిలబెట్టుకుంటూ ఉండొచ్చు. షుగరు మనిషి లోతుగా, ఆగకుండా, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తులు బాగున్నాయని వదిలెయ్యకు, అక్కడా రక్తమే పులిసి ఉంటుంది. నోటిదగ్గర మగ్గిన పండు వాసన వస్తుంది. ఆ ఊపిరికి కుస్‌మాల్ అని పేరుందని నువ్వు పరీక్షలో రాస్తావు. వార్డులో ఆ వాసన పట్టావంటే నీ చదువు నీకు వచ్చినట్టే.

నా నలభై ఏళ్ళ సర్వీసులో చేతికిందికి వచ్చిన ప్రతి పిల్లనూ దీని గురించే పీడించాను. చార్టులో వరసగా 20లు కనబడితే చించి మళ్ళీ రాయించాను. "ఊపిరి సిస్టరు" అని చాటున పిలుచుకునేవారని తెలుసు. పిలవనీ. సోడియం పంపు తెలిసిన పిల్ల ఊపిరి లెక్కపెడుతుంది. తెలియని పిల్ల 20 రాస్తుంది. నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

హాస్టల్లో రాత్రిళ్ళు ఏడుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి మరణం చూశావట కదా, అది ఉత్తరంలో రాయలేదు నువ్వు. నేనే గ్రహించాల్సింది. పుస్తకం మీద కోపం అనుకున్నాను ముందు. వచ్చే శనివారం ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా విను అంటే వింటాను. ఆ గాజుల పిల్ల సంగతి నేను ఎవరికీ పూర్తిగా చెప్పుకోకుండా ఎన్నో ఏళ్ళు మోశాను, నువ్వు అలా మోయకూడదు.

ఇంకొకటి. హెపటైటిస్-బి టీకా మూడో డోసు వేయించుకున్నావా? మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. రెండు వేసుకుని ఊరుకుంటే ఒంటి జ్ఞాపకం గట్టిపడదు. తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించు, కనీసం 10 ఉండాలి. మా రోజుల్లో గాజు సిరంజిలు మరగబెట్టి, సూదులు రాతి మీద సానపట్టి మళ్ళీ వాడేవాళ్ళం. నా పక్కమంచం స్నేహితురాలికి సూది గుచ్చుకున్న రెండు నెలలకు కళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత టీకా వచ్చినా విదేశీ సరుకు, మాబోటివాళ్ళకు అందే ధర కాదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేశాకే అది మాదాకా వచ్చింది. నీకు ఉచితంగా వేస్తామంటే క్యూ పొడుగని వెనక్కి వచ్చేశావట! వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకు. ఈ మాట నూరుసార్లు విన్నా నూటొక్కటోసారి విను.

ఈ ఉత్తరంతోపాటు నా హెచ్ఎంటీ గడియారం పంపుతున్నాను. సెకన్ల ముల్లు సరిగ్గా తిరుగుతోంది, నిన్ననే బాగుచేయించాను. పట్టీ నీ చేతికి వదులవుతుంది, రెండు బెజ్జాలు కొట్టించుకో. రోజూ పొద్దున్న ఒకే వేళకు కీ ఇవ్వు, బిగుసుకున్నాక ఇంకా తిప్పకు.

ప్రేమతో,
నీ అత్తయ్య.

తా.క.: గోంగూర పచ్చడి సీసా మూత మైనంతో అంటించాను, కత్తితో కాకుండా వేడినీళ్ళలో ఉంచి తియ్యి. నీ రూములో పిల్లలకీ పెట్టు. మూడో డోసు తేదీ జవాబులో రాయి.