ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? ఒక చెక్కభజన వీడియోతో పాఠం

"అన్నా, వీడియో తీశాను, ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" మన ఛానెల్ చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు మీ లాప్‌టాప్‌లో నడవకపోతే, మీరు కష్టపడి తీసిందంతా హార్డ్‌డిస్క్‌లోనే పడి ఉంటుంది. అందుకని ఈసారి టాప్ టెన్ లిస్టు కాకుండా, ఒక అసలు పనిని ముందు పెట్టుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు సంక్రాంతికి సొంత ఊరు వెళ్లి, అక్కడి చెక్కభజన బృందాన్ని రెండు ఫోన్లతో తీసుకొచ్చాడు. మొత్తం మూడు గంటల ఫుటేజ్. నేర్పే గురువుగారికి డెబ్బై దాటాయి. ఊళ్లో కొత్తగా నేర్చుకునే పిల్లలు లేరు. ఆ అడుగులన్నీ ఇప్పుడు ఆయన కాళ్లలోనే ఉన్నాయి. ఉగాదికి ఊళ్లో తెర కట్టి, ఆయన కళ్ల ముందే 12 నిమిషాల సినిమా వేయాలని ఇతని కోరిక. చేతిలో ఉన్నది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇప్పుడు చెప్పండి, ఏ సాఫ్ట్‌వేర్?

చాలామంది టక్కున చెప్పే పేరు డావిన్చి రిజాల్వ్. నిజంగానే గొప్పది. ఆస్ట్రేలియాకి చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో డావిన్చి సిస్టమ్స్‌ని కొని, దాన్ని ఇంతటిదాన్ని చేసింది. ఉచిత వెర్షన్‌తోనే అల్ట్రా హెచ్‌డీ వరకు వాటర్‌మార్క్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. రంగులు దిద్దడంలో దానికదే సాటి. అయితే ఆ కంపెనీ కనీసం 16 జీబీ ర్యామ్ ఉండాలంటుంది, గ్రాఫిక్స్ కార్డు మీద చాలా ఆధారపడుతుంది. మన తమ్ముడి లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, నాలుగు క్లిప్పులు వేయగానే ఆయాసపడుతుంది. ఇంకో సంగతి. చీకట్లో తీసిన వీడియోకి గ్రెయిన్ తగ్గించాలనిపిస్తుంది కదా, ఆ నాయిస్ రిడక్షన్ డబ్బులిచ్చి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. దాని ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. లినక్స్ వాడేవాళ్లు కూడా జాగ్రత్త: అక్కడ ఉచిత వెర్షన్ ఫోన్ల హెచ్.264, హెచ్.265 వీడియోల్ని తెరవదు.

అసలు ఫోన్ వీడియో ఎందుకంత బరువు? ఐఫోన్‌లో 4కే, సెకనుకి 30 ఫ్రేములు, హై ఎఫిషియెన్సీ అని పెట్టి తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ. మూడు గంటలకి 30 జీబీ దాటుతుంది. సైజు ఒక్కటే సమస్య కాదు. ఫోన్ ప్రతి ఫ్రేమునీ పూర్తి బొమ్మగా దాచదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలో అంతా "ముందు దానికీ దీనికీ తేడా ఇంత" అనే లెక్క. చూడటానికి అది చాలు. ఎడిటింగ్‌లో మనం ముందుకీ వెనక్కీ లాగుతూ ఉంటాం, లాగిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ లెక్కంతా మళ్లీ కట్టాలి. అందుకే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

దీనికి మందు ప్రాక్సీ. అంటే ప్రతి క్లిప్‌కీ చిన్న సైజు నకలు తయారు చేసుకుని, కోతలన్నీ దాని మీద చేయడం. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తనే అసలు ఫైళ్లని వాడుకుంటుంది. కెడెన్‌లైవ్, షాట్‌కట్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉంది. రెండూ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. పాత లాప్‌టాప్‌కి నా ఓటు ఈ రెండింటిలో ఒకదానికే.

ఇక చెక్కభజన దగ్గరకి వద్దాం. ఇక్కడ బొమ్మ కంటే శబ్దమే అసలు పరీక్ష. మామూలుగా మాట్లాడే వీడియోలో ఆడియో కొద్దిగా జరిగినా చాలామంది గమనించరు. చెక్కలు అలా కాదు. చేతులు కలిసిన క్షణంలోనే టక్‌మని వినపడాలి. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. మూడు నాలుగు ఫ్రేములు తేడా వస్తే చాలు, బృందం మొత్తం తాళం తప్పినట్టు కనిపిస్తుంది. డెబ్బై ఏళ్ల గురువుగారి తాళాన్ని మన సాఫ్ట్‌వేర్ తప్పించడం అన్యాయం కదా!

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే, ఫోన్ చాలాసార్లు సెకనుకి 30 ఫ్రేములు కచ్చితంగా తీయదు. వెలుగు తగ్గితే ఒకసారి 29, ఒకసారి 24 ఇలా మారుతూ ఉంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. కొన్ని ఎడిటర్లు దాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకోవు. మొదటి నిమిషంలో బాగానే ఉంటుంది, పదో నిమిషానికి శబ్దం ఎటో పోతుంది. షాట్‌కట్‌లో అలాంటి క్లిప్ వేయగానే "ఎడిటింగ్‌కి అనువుగా మార్చుకుంటారా" అని అదే అడుగుతుంది. అవును అనండి. మార్చిన ఫైళ్లు పెద్దవవుతాయి, డిస్క్‌లో జాగా ముందే చూసుకోండి. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే సరి.

రెండు ఫోన్ల వీడియోని కలపడానికి మాత్రం ఈ చెక్కలే వరం. సినిమావాళ్లు క్లాప్‌బోర్డు కొట్టేది ఎందుకు? ఆ దెబ్బ శబ్దపు గీతలో సూదిలా నిలబడుతుంది కాబట్టి. మన దగ్గర పాట పొడుగునా క్లాప్‌బోర్డులే! కెడెన్‌లైవ్‌లో ఒక క్లిప్ ఆడియోని ఆధారంగా పెట్టి రెండోదాన్ని దానికి సరిచేసే సదుపాయం ఉంది. కాకపోతే ఒకే దరువు మళ్లీ మళ్లీ వచ్చేచోట ఏ దెబ్బకి ఏది జోడీయో కంప్యూటర్ పొరబడొచ్చు. కాబట్టి పాట మొదలయ్యే తొలి దెబ్బనో, గురువుగారు గట్టిగా కేకేసిన చోటునో చూసి చేత్తో సరిచూసుకోండి.

ఇంకో చిన్న లెక్క. గాలిలో శబ్దం వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. మిద్దె మీద నుంచి 17 మీటర్ల దూరంలో తీసిన ఫోన్‌కి శబ్దం 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, అంటే ఒక ఫ్రేము కంటే ఎక్కువే. అందుకని దగ్గర ఫోన్ శబ్దాన్నే ఉంచి, దూరపు ఫోన్ నుంచి బొమ్మ మాత్రం తీసుకుని, చేతుల కదలికని బట్టి జరపాలి.

ఆ తర్వాత తెలుగు అక్షరాలు. ఇంగ్లిష్ రివ్యూల్లో ఈ సంగతి ఎవరూ రాయరు, మనకేమో ఇది ప్రాణం. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిన వెంటనే టైటిల్ టూల్ తెరిచి "జ్యోత్స్న, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి" అని కొట్టి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే గురువుగారి పేరు కూడా అలాగే తెర మీద పడుతుంది. ప్రీమియర్ ప్రో వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మొండికేస్తే ఇంక్‌స్కేప్‌లో పేరు రాసుకుని, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి టైమ్‌లైన్ మీద పెట్టేయండి. రామభద్ర, మల్లన్న, తిమ్మన, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ షాపులో అను ఫాంట్‌తో కొట్టించుకున్న మేటర్‌ని నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు.

ఇక డబ్బు మాట. ప్రీమియర్ ప్రోకి చందా కడుతూనే ఉండాలి. ఏడాదికి ఒక సినిమా తీసే సరదా మనుషులకి అది దండగ అని నా అభిప్రాయం. ఫోన్‌లోనే కానిచ్చేద్దాం అనుకుంటే కైన్‌మాస్టర్ ఉంది, ఉచిత వెర్షన్ వాటర్‌మార్క్ వేస్తుంది. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకి ఐమూవీ ఉచితం. 30 సెకన్ల రీల్‌కి ఇవి బ్రహ్మాండం, మూడు గంటల ఫుటేజ్‌ని అంత చిన్న తెర మీద వెతుక్కోవడం మాత్రం నరకం. క్రాక్ వెర్షన్ల జోలికి వద్దు. అది దొంగ సొత్తు, పైగా దానితోపాటు వచ్చే వైరస్ మీ బ్యాంకు పాస్‌వర్డ్ ఉన్న లాప్‌టాప్‌లోకే వస్తుంది.

"ఉచితంవి, పాతవి వాడితే ప్రొఫెషనల్‌గా రాదేమో" అని సందేహించేవాళ్లకి ఒక మాట. 2020లో ఆస్కార్ ఉత్తమ చిత్రం అందుకున్న కొరియా సినిమా పారసైట్‌ని ఎడిటర్ యాంగ్ జిన్‌మో ఫైనల్ కట్ ప్రో 7లో కోశారు. ఆపిల్ ఆ వెర్షన్‌ని 2011లోనే ఆపేసింది. ఆయన చేతికి అలవాటైంది అదే.

మన తమ్ముడికి నేను చెప్పింది ఇది: మొదట షాట్‌కట్ పెట్టుకో, ఐదు నిమిషాల ముక్కతో ప్రాక్సీ, చెక్కల తాళం, గురువుగారి పేరు, ఈ మూడూ చూడు. ఒక సాయంత్రం పని. ఏదైనా తేడా కొడితే కెడెన్‌లైవ్‌లో అదే ముక్క పెట్టి చూడు. రెండింటిలో ఏది కుదిరితే దానితోనే ఉగాది దాకా ఉండు, మధ్యలో మార్చకు. ఒకదాని ప్రాజెక్టు ఇంకోదాంట్లో సరిగ్గా తెరుచుకోదు.

మొదలుపెట్టే ముందు రెండు ఫోన్ల ఫైళ్లనీ ఒకే ఫోల్డర్‌లో వేసి, ఇంకో డిస్క్‌లో నకలు తీయమన్నాను. ప్రాజెక్టు ఫైల్‌లో వీడియో ఉండదు, "ఫలానా చోట ఫలానా ఫైల్" అనే చిరునామా మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ పేరు మారిస్తే టైమ్‌లైన్ అంతా ఖాళీ. 12 నిమిషాల సినిమా పూర్తయ్యాక కూడా ఆ మూడు గంటల ఫుటేజ్‌ని చెరిపేయొద్దు. గురువుగారి పాదాలని కోత లేకుండా తీసిన ముక్కలు అందులోనే ఉన్నాయి, రేపు ఎవరైనా పిల్లలు అడుగులు నేర్చుకోవాలంటే వాళ్లకి కావాల్సింది అవే. ఊళ్లో తెర మీద వేయడానికి మాత్రం 1080పీ, హెచ్.264, ఎంపీ4లో ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ముందురోజే ఆ ప్రొజెక్టర్‌కి పెట్టి ఒకసారి నడిపించి చూడమన్నాను.