చిన్ననాటి పళ్లెం, పెద్దనాటి ఆరోగ్యం



ఇటీవల జడ్చర్ల బస్టాండులో ఒక తల్లిని చూశాను. కూలిపనికి దూరం పోతూ, అవ్వ దగ్గర వదిలివెళ్తున్న నాలుగేళ్ల కొడుకు చేతిలో రెండు చిప్స్ పొట్లాలు పెట్టింది. ఆమెను తప్పుపట్టను. అది ఆమె ప్రేమ. అయితే ఆ ప్రేమ బిడ్డ కడుపులోకి ఏ రూపంలో పోతున్నదో మనమందరం ఆలోచించాలి.

"చిన్నపిల్లలు, ఏం తింటే ఏమైతది? పెద్దయ్యాక చూసుకుంటరు" అంటాం. అది నిజం కాదని మనకు దూరం కాని పల్లెలే రుజువు చేశాయి. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాపిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. 2003-05లో, అదే పిల్లలు 13-18 ఏళ్ల వారై ఉండగా మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సుమారు సెంటీమీటరున్నర ఎత్తు ఎక్కువ ఉన్నారు. రక్తంలో చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ వారిలో మెరుగ్గా పనిచేస్తున్నది. రక్తనాళాల బిరుసుతనమూ తక్కువే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం మధుమేహానికి, నాళాలు బిరుసెక్కడం గుండెజబ్బుకు దారితీస్తాయి. చూడండి, ఒక గరిటె ఉప్మా గుర్తు పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో నిలిచింది!

ఒంటికే కాదు, నాలుకకూ చిన్ననాటి పాఠమే పాఠం. ఉప్పుకు, తీపికి అలవాటుపడిన నాలుకకు తర్వాత పప్పు, పుంటికూర చప్పగా తోస్తాయి. మొక్కై వంగనిది మానై వంగునా?

మన పాలమూరు పెద్దలు జొన్నరొట్టెతో పెరిగారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలు మరువరాదు. కాని పళ్లెంలో అన్నం పెరిగి, పక్కన ఉండవలసినవి తగ్గాయి. అన్నమైనా రొట్టె అయినా, పప్పు, ఆకుకూర, వీలైతే గుడ్డు తోడుండాలి.

ఖర్చులేని పనులు కొన్ని చేద్దాం. పొట్లానికి బదులు గుప్పెడు వేయించిన పల్లీలు, బెల్లంముక్క ఇద్దాం. మరీ చిన్నవారికైతే పల్లీలు గొంతుకు అడ్డం పడకుండా దంచి పెట్టాలి. కూల్‌డ్రింకు పండుగనాటికి కూడా అలవాటు చేయవద్దు. అంగన్‌వాడీకి, బడి భోజనానికి బిడ్డను తప్పక పంపండి. సాయంత్రం ఫోను తీసుకుని ఆటకు తోలండి. రోజుకొక్క పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి. మనం తినని కూర పిల్లలు తినరు.

ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మీ బిడ్డ పళ్లెం వైపు ఒకసారి చూడండి. నలభై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ ఎలా ఉండాలని మీ కోరిక?