మారుతి 800 ఎందుకు మరుగుతోంది?

మా ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. కార్బురేటర్ బండి. వేసవి సెలవులకి నల్గొండ వెళ్ళేసరికి అది వాకిట్లో బోనెట్ తెరిచి నిలబెట్టి ఉంది. విషయం ఏమిటంటే హైవే ఎక్కితే చాలు, హీట్ ముల్లు హెచ్ అక్షరం దాకా పోతోంది. మెకానిక్ చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలె, తొమ్మిది వేలు అయితయ్" అన్నాడట. స్క్రాప్ అతను 18 వేలకి అడిగాడట. నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు.

"నాన్నా, ఒక్క వారం ఆగండి, నేను చూస్త" అన్నాను.

"నువ్వు చదివేది మెకానికలే గానీ, బోల్టు ఎన్నడన్న ఇప్పినవా?" అన్నారు. అని, "ఆదివారం సాయంత్రం దాక టైం. మూత మాత్రం వేడి మీద ముట్టకు" అన్నారు. ఆయన ఎడమ మోచేతి మీద అరచేయంత మచ్చ ఉంది. నా చిన్నప్పుడు ఇదే కారు, ఇదే రేడియేటర్ మూత. అందుకే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.

రేడియేటర్ మూత మామూలు మూత కాదు, అదొక ప్రెషర్ కుక్కర్ విజిల్. దాని మీద 0.9 అని ఉంటుంది. అంటే బయటి వాతావరణం కంటే 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి వచ్చేదాకా మూత లేవదు. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దగ్గరగానీ మరగవు. లోపల 110 డిగ్రీల నీళ్ళు బుద్ధిగా ద్రవంగానే ఉంటాయి. మనం మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, కొంత నీరు అదే క్షణంలో ఆవిరై, మిగతా మరిగే నీళ్ళను ముఖం మీదకి తోస్తుంది. పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కండి. గట్టిగా ఉంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్టే. అరగంటో గంటో ఆగండి, తొందరేం లేదు.

మొదటి రోజు స్పానర్ ముట్టలేదు. నోట్‌బుక్ పట్టుకుని బండి నడిపాను. క్లాక్ టవర్ సెంటర్ ట్రాఫిక్‌లో 20 నిమిషాలు తిరిగితే ముల్లు సగం దగ్గరే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, ఆగుతోంది. నకిరేకల్ రోడ్డెక్కి 70 వేగంలో పోతే పది కిలోమీటర్లు దాటకముందే ముల్లు లేచింది. 40కి తగ్గిస్తే మెల్లగా దిగింది. నా లెక్కలో రోగ నిర్ధారణ సగం ఇక్కడే అయిపోయింది.

ఎందుకంటే ఫ్యాన్ అవసరం బండి ఆగినప్పుడే. హైవే మీద గాలి దానంతట అదే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది. కాబట్టి ట్రాఫిక్‌లో మాత్రమే హీటెక్కితే ఫ్యాన్‌నీ, దాని స్విచ్‌నీ, ఫ్యూజ్‌నీ అనుమానించాలి. హైవే మీద మాత్రమే హీటెక్కితే నీటి ప్రవాహాన్నో, రేడియేటర్‌నో అనుమానించాలి. ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకి పోదు, నీళ్ళలోకి పోతుంది. 70 వేగంలో అది ఉజ్జాయింపుగా 10 కిలోవాట్లనుకోండి. మన హాస్టల్ గీజర్లు ఐదు ఒకేసారి వేసినట్టు! ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఒక గీజరంత. రేడియేటర్ సగమే పనిచేస్తున్నా ఒక గీజర్‌ని మోస్తుంది, ఐదింటిని మోయలేదు.

అయినా మెకానిక్ అన్న మాటని తేలిగ్గా కొట్టిపారేయకూడదు కదా. రెండో రోజు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేశాను. హెడ్ గ్యాస్కెట్ పోతే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్ళలోకి వచ్చి ఆగకుండా బుడగలు వస్తాయి. రాలేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగానే ఉంది, పాల టీ రంగు లేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ లేదు. స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ బిగుసుకుపోవడం కూడా లేదు. నాలుగూ లేవంటే హెడ్ దించే పని ముందు పెట్టుకోవడం దండగ. వాటర్ పంప్ బెల్ట్ బిగువుగానే ఉంది. ఎక్స్‌లేటర్ పెంచితే కింది హోస్ నొక్కుకుపోవడం లేదు.

తర్వాత థర్మోస్టాట్. ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు ఇది. లోపల మైనం ఉంటుంది, వేడికి కరిగి ఉబ్బి తలుపుని తోస్తుంది. అది మూసుకుని ఇరుక్కుపోతే నీళ్ళు రేడియేటర్‌కి పోవు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు దాన్ని పీకి పారేసి "ఇగ హీట్ కాదు" అంటారు. అప్పుడు ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. పీకే ముందు పరీక్షించడానికి ఒక గిన్నె చాలు. అమ్మ పాలగిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టౌ వెలిగించాను. దాని మీద 82 అని ఉంది. 84 దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టింది, ఇంకో పది డిగ్రీలకి పూర్తిగా తెరుచుకుంది. బాగానే ఉంది. బాగోలేనిది పాలగిన్నె పరిస్థితి. అమ్మ దాన్ని మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, అది ఇప్పుడు నా టూల్ కిట్‌లో ఉంది.

ఇక మిగిలింది రేడియేటర్. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, ఫ్యాన్ ప్లగ్గు పీకి (వేళ్ళు ముఖ్యం), రేడియేటర్ వెనక వైపు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. పైభాగం కాలిపోతోంది. మధ్యలో నుంచి కింద దాకా ఒక పెద్ద ముక్క గోరువెచ్చగా కూడా లేదు. అక్కడికి నీళ్ళే రావడం లేదన్నమాట.

హోస్‌తో కింది నుంచి పైకి నీళ్ళు తోసి కడిగాను. తుప్పు నీళ్ళు, తెల్ల రేకులు వచ్చాయి గానీ చల్లటి ముక్క చల్లగానే ఉంది. ఇప్పి తీసుకుని బస్టాండ్ అవతల రేడియేటర్ షాపుకి వెళ్ళాను. మాది ఇత్తడిది కాబట్టి బతికిపోయాం. చాచా టంకం కరిగించి పై ట్యాంక్ ఊడదీశారు. గొట్టాల నోళ్ళు సగానికి పైగా తెల్లటి రాయితో మూసుకుపోయి ఉన్నాయి, అచ్చం మా ఇంటి గీజర్ కాయిల్ లాగా.

"ఏం నీళ్ళు పోస్తున్నరు బేటా?"

"బోరు నీళ్ళు చాచా."

"ఎవరు పోసేది?"

ఆ పని ఇంటర్ నుంచి నాదే. ఆదివారం ఆదివారం వాకిట్లో కుళాయి నుంచి మగ్గుతో పోసేవాణ్ణి. మా జిల్లా నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌ని చంపేది కాల్షియం. లోహంతో పోలిస్తే సున్నపు పొర వేడిని దాదాపు పోనివ్వదు, పైగా దారే మూసేస్తుంది.

ఒక అనుమానం మిగిలింది. ఒకసారి నింపిన నీళ్ళలో ఉండే సున్నం కొంచెమే కదా, ఇంత రాయి ఎలా పేరుకుంది? ఇంటికొచ్చి పాత మూత తిరగేసి చూస్తే రబ్బరు వాషర్ పగిలి ఉంది. మూత ఒత్తిడి పట్టడం లేదు కాబట్టి ప్రతి వారం కొంత నీరు ఆవిరై పోతోంది, సున్నం లోపలే ఉండిపోతోంది. నేను మళ్ళీ కొత్త సున్నం పోస్తున్నాను. ఆ మూత రెండేళ్ళ కింద మార్చి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. నీళ్ళు ప్రతి వారం తగ్గుతున్నాయని తెలిసీ ఎందుకు తగ్గుతున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు నేను.

చాచా పలుచటి ఉక్కు పట్టీలతో ఒక్కో గొట్టం పొడిచి, మళ్ళీ టంకం వేసి, నీళ్ళ తొట్టిలో ముంచి గాలి పెట్టి లీకులు చూసి ఇచ్చారు. 900 తీసుకున్నారు. కొత్త మూత, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, థర్మోస్టాట్ గ్యాస్కెట్ అన్నీ కలిపి మొత్తం 1,700 లోపే అయింది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపాను. నింపేటప్పుడు హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి ఉంచాలి. మూత తీసే ఇంజన్ నడుపుతూ పై హోస్‌ని నొక్కుతూ ఉంటే లోపల చిక్కిన గాలి బుడబుడమని బయటికొస్తుంది. ఆ గాలి ఉండిపోతే చేసిన పనంతా వృథా, ముల్లు మళ్ళీ ఎగురుతుంది.

ఆదివారం నాలుగింటికి నాన్నని ఎక్కించుకుని నకిరేకల్ దాటి సూర్యాపేట దాకా పోయాను. ఎండ ఇంకా తగ్గలేదు. 70లో గంట నడిచినా ముల్లు సగం గీత కిందే ఉంది. నాన్న దారంతా రోడ్డు చూడలేదు, ముల్లునే చూశారు. టోల్ దాటాక అడిగారు.

"చాచా ఫోన్ చేసిండు. ఇన్నేండ్లు నీళ్ళు పోసింది ఎవరురా?"

"చాయ్ తాగుదామా నాన్నా" అన్నాను.

స్క్రాప్ అతనికి ఆయనే ఫోన్ చేసి వద్దని చెప్పారు. ఇప్పుడు డిక్కీలో డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి ఉంది. దాని మీద అమ్మ చేతిరాత: "కుళాయి నీళ్ళు పోయొద్దు."