సెల్ ఫోను ఆయుష్షు

సైన్సు దినోత్సవానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు అట్ట మీద ఒక నినాదం రాశారు: "ఛార్జరు ప్లగ్గు తీయండి, భూమిని కాపాడండి!" అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అయితే వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "ప్లగ్గు తీస్తే ఎంత మిగులుతుంది సార్?" అని అడిగింది. నాకు తెలియదు. లెక్క వేద్దాం రమ్మన్నాను. మీరూ పెన్సిలు తీసుకోండి.

ఫోను బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.85 వోల్టులు అని ఉందనుకోండి. అంటే 5 ఆంపియర్ అవర్లు. 5ను 3.85తో గుణిస్తే సుమారు 19 వాట్ అవర్లు. 75 వాట్ల సీలింగు ఫ్యాను పావుగంట తిరిగితే అయ్యే ఖర్చు అంతే! వేడి రూపంలో పోయేదాన్ని కలుపుకొని రోజుకు 25 అనుకుందాం. 365 రోజులకు దాదాపు 9 యూనిట్లు. ఇక ఫోను తగిలించని వట్టి ఛార్జరు, మంచిదైతే, ఏడాదంతా ప్లగ్గులోనే ఉన్నా ఒక యూనిటు దాటదు.

మన దేశంలో ఒక యూనిటు విద్యుత్తుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. కాబట్టి ఏడాది ఛార్జింగుకు సుమారు 6 కిలోలు.

మరి ఆ ఫోను తయారు కావడానికో? కంపెనీలు ప్రకటించే లెక్కల్లోనే చాలా ఫోన్లకు 50 కిలోలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ కనిపిస్తుంది. అరచేతిలో ఇమిడే వస్తువుకు అంత ఎందుకు? అందులో రాగి, బంగారం, లిథియం, కోబాల్టు ఉన్నాయి. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో గనులదే. చిప్పులు తయారయ్యే గదుల్లో గాలిని, నీటిని ధూళి లేకుండా నిరంతరం శుద్ధి చేయాలి. దానికి బోలెడు కరెంటు కావాలి.

ఇప్పుడు భాగహారం చేయండి. ఫోనును రెండేళ్లకే పారేస్తే తయారీ భారం ఏడాదికి 25 కిలోలు. అయిదేళ్లు వాడితే 10 కిలోలే. ప్లగ్గు సంగతి దీని ముందు ఏపాటిది?

ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "మా నాన్న ఆటో నడుపుతాడు సార్. ఫోను కొని మూడేళ్లు కాలేదు, మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోతోంది. వాయిదాల మీద కొత్తది కొంటానంటున్నాడు" అంది. ఫోను ఎక్కడ పెడతాడమ్మా అని అడిగాను. హ్యాండిలు దగ్గర, ఎండలోనే, రోజంతా ఛార్జింగులోనే ఉంటుందట.

వ్యాధి దొరికింది! ఈ బ్యాటరీలో లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడు నుంచి మరో ఎలక్ట్రోడుకు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఛార్జి చేసినప్పుడు గ్రాఫైటు పొరల మధ్య దూరతాయి, వాడినప్పుడు వెనక్కి వస్తాయి. (ఈ బ్యాటరీకి రూపమిచ్చిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ గారికి 97 ఏళ్లు!) ఇలా తిరిగేటప్పుడు కొంత లిథియం అనవసరపు రసాయన చర్యల్లో చిక్కి ఇక కదలదు. వేడి పెరిగితే ఆ చర్యల వేగం పెరుగుతుందని మీరు రసాయన శాస్త్రంలో చదువుతారు. ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండటం కూడా అంతే చెరుపు.

అంటే ముసలిదైంది బ్యాటరీయే గాని ఫోను కాదు. ఆయన కొత్త ఫోను మానుకొని బ్యాటరీ మార్పించాడు. వాయిదాల బాధ తప్పింది. ఫోనును నీడపక్కకు మార్చాడు, 80 శాతం కాగానే వైరు తీసేస్తున్నాడు.

మరి తీసేసిన బ్యాటరీ? చెత్తకుండీలో వేస్తే, నలిగినప్పుడు లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంటలు లేస్తాయి. ఉబ్బిన బ్యాటరీని అసలే గుచ్చకూడదు. 2022 నియమాల ప్రకారం పాత బ్యాటరీలను, ఫోన్లను సేకరించి శుద్ధికి పంపే బాధ్యత వాటిని అమ్మే కంపెనీలదే. కాబట్టి వాటి సర్వీసు కేంద్రంలో ఇవ్వాలి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సుకు జపాను ప్రజలిచ్చిన పాత పరికరాల నుంచి, అందులో 62 లక్షల ఫోన్లు, 32 కిలోల బంగారం తీసి పతకాలు చేశారు.

మీ ఇంట్లో బీరువా సొరుగు వెతకండి. పాత ఫోన్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్నేళ్లు వాడారు, ఎందుకు మానేశారు అన్నది పట్టికగా రాయండి. 50ని ఆ సంవత్సరాలతో భాగించి, వచ్చింది మీ సైన్సు మాస్టారికి చూపండి.